ప్రశ్న వినపడని ఒప్పుకోలు

హారతి రాసిన వ్యాసాన్ని హారతి రాయలేదని సూరత్ నగరం గోడాదరాలోని ఒక ట్రస్టు పాఠశాల తీర్మానించింది. అందుకు చూపిన ఆధారాలు రెండు. ఆ వ్యాసం నూటికి తొంభై రెండు పాళ్లు కృత్రిమ మేధ రాసినదని కంప్యూటరు తేల్చింది. తప్పు జరిగిందని ఆ పిల్ల తండ్రే ప్రిన్సిపాల్ గదిలో చేతులు జోడించి ఒప్పుకున్నాడు. పదకొండో తరగతిలో ఆమెకు ఇస్తామన్న ఉచిత సీటు రద్దయింది. మొదటి ఆధారాన్ని ఎవరూ పరీక్షించలేదు. రెండోది ఎలా పుట్టిందో ఎవరూ అడగలేదు.

అది ఎలా పుట్టిందో చెప్పాలంటే మగ్గాల చప్పుడు దగ్గర మొదలుపెట్టాలి.

హారతి తండ్రి రాజలింగం తెలంగాణలో కోరుట్ల వైపు పల్లె నుంచి పెళ్లికి ముందే సూరత్ చేరాడు. మరమగ్గాన్ని కోరుట్ల వైపు సాంచా అంటారు, ఇక్కడ సూరత్‌లో సంచా అంటారు. రాష్ట్రం మారినా పెద్దగా మారకుండా ఆయన వెంట వచ్చింది ఆ ఒక్క మాటే. మగ్గాల షెడ్డును మాత్రం ఇక్కడ ఖాతా అంటారు. ఖాతాలో మాట చెవికి చేరదు, కంటికి చేరుతుంది. ఒకరి పెదవులు చూసి ఒకరు బదులు చెప్పుకుంటారు. దారం తెగిందంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే మరొకటి. ఇన్నేళ్లు అలా బతికిన రాజలింగానికి ఇప్పుడు పెద్ద కేకలు వినిపిస్తాయి గానీ మెత్తటి మాట వినిపించదు. చెవుడని తెలిస్తే పనిలోంచి తీసేస్తారేమోనన్న భయంతో ఆ సంగతి ఇంటి బయట ఎవరికీ చెప్పడు. ఎదుటివాడి పెదవులు ఆగగానే తల ఊపుతాడు. విన్నాడని అందరూ అనుకుంటారు.

వాళ్లది ఒక్క గది ఇల్లు. రాత్రిపాళీ వారాల్లో రాజలింగం పొద్దున వచ్చి పడుకుంటాడు. అప్పుడు కిటికీకి దుప్పటి కడతారు, లైటు వేయరు, గిన్నె చప్పుడు కానివ్వరు. తల్లి భాగీరథి తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో కూర్చుని చీరలకు చెమ్కీలు కుడుతుంది. భర్త చెవులు బాగున్ననాటి అలవాటుతో, పిల్ల పెదవి కదిలితే చాలు, కళ్లతోనే గదమాయిస్తుంది. బడిలో గుసగుసలాడినా దండనే. ఇంత పెద్ద నగరంలో హారతికి నోరు తెరిచే చోటు లేకపోయింది.

ఆ చోటు ఆమెకు ఖాతాలో దొరికింది. చిన్నప్పుడు తండ్రికి డబ్బా పట్టుకెళ్లి, ఆయన తిన్నంతసేపూ బాబిన్లకు దారం చుట్టే యంత్రం పక్కన నిలబడి చేతిసాయం చేసేది. ఒకరోజు బడిలో తిన్న దెబ్బలకు కోపం వచ్చి అక్కడే గొంతెత్తి తిట్టింది. తన అరుపు తనకే వినిపించలేదు. ఎవరూ తల తిప్పలేదు. ఆ రోజు ఆమె ఎంత గట్టిగా తిట్టిందో, ఎంత హాయిగా ఇల్లు చేరిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత తిట్లు అయిపోయాయి, కథలు మొదలయ్యాయి. చేతులు బాబిన్లు ఎక్కిస్తుంటే నోరు వాక్యం కట్టేది. నచ్చకపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పేది. ఒక వాక్యాన్ని పది రకాలుగా తిప్పి చెప్పి, నాలుక మీద నిలిచినదాన్ని ఉంచుకునేది. తెలుగులో మొదలై హిందీలోకి, మధ్యలో గుజరాతీలోకి పోయి తిరిగొచ్చేది. అంతా కుదిరాక, పదో తరగతిలో బడి ఇచ్చిన టాబ్లెట్ మీద గబగబా ఒక్క ఊపున హిందీలో కొట్టేది. కాగితం మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు ఆమెకు ఎన్నడూ లేవు. అవన్నీ అంతకు ముందే చప్పుడులో కలిసిపోయి ఉండేవి.

ఖాతాలో ఒక్క మనిషికి మాత్రం ఈ సంగతి తెలుసు. పక్క సాంచాల మీద పనిచేసే సదానందం రాజలింగానికి ఊరివాడు, నోటిదురుసు మనిషి. ఎదుటివాళ్ల పెదవులు చదవడంలో ఆయన్ని మించినవాడు ఆ ఖాతాలో లేడు.

"ఏందే పోరీ, ఇయ్యాల నన్నే తిడుతున్నవా?" అని బయట చాయ్ బండి దగ్గర అడిగేవాడు.

"నిన్నెందుకు తిడ్త కాకా? కథ చెప్పుకుంటున్న."

"కథల గాడిద ఎందుకొచ్చింది మరి? నేను సూసిన. గాడిద అన్నవ్."

"అది గాడిద కాదు కాకా, గాడీ."

"గాడీ అయితే మంచిదే. గాడిదైతే నేనే అనుకుని గుండె జల్లుమన్నది." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. రాజలింగం ఏం జరిగిందో వినకపోయినా అందరితోపాటు నవ్వేవాడు.

పదో తరగతిలో పాఠశాల సృజనాత్మక ఆలోచన అనే గంట పెట్టింది. దాని గురించి రోడ్డు మీద పెద్ద బోర్డు కూడా కట్టింది. వారానికి ఒకరోజు పిల్లలందరికీ టాబ్లెట్లు ఇస్తారు. విషయం టైపు చేస్తే యంత్రం ఐదు ఆలోచనలు చూపిస్తుంది. ఒకటి నొక్కితే ఆరంభ వాక్యాలు వస్తాయి. పిల్లలు వాటిని అటూ ఇటూ మార్చి తమ పేరు పెట్టాలి. ఏడాది చివర ఎవరి రచన బాగుంటే వాళ్లకు ఆర్ట్స్ విభాగంలో ఉచిత సీటు. ఫీజు అడగకుండా హిందీలో ఆ చదువు చెప్పే చోటు హారతి నడిచి వెళ్లగలిగినంత దూరంలో మరొకటి లేదు. ఆ సీటు రాకపోతే తల్లి పక్కన చెమ్కీలు కుట్టడమే. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

పక్క బెంచీ మంగ కూడా తెలుగు పిల్లే. హారతి తెర వైపు చూస్తూ ఊరికే కూర్చుంటే ఆమెకు విసుగొచ్చేది.

"ఏం సోంచాయిస్తున్నవే? ఒకటి నొక్కు, అయిపోతది. మూడోది మస్తుంది. దాంట్ల దాదీ ఉంది. దాదీ ఉంటె మన టీచర్ బెన్‌కు బాగా పసంద్."

"నాకు దాదీ లేదు గదనే."

"మెషీన్‌కు ఉంది గదా!"

హారతికి నవ్వొచ్చింది గానీ నొక్కలేకపోయింది. తన మాట నోట్లో సగం అయ్యేలోపే యంత్రం ఐదు మాటలు ముందు పరిచేసేది. ఆ ఐదూ చూశాక తనది ఏదో గుర్తుండేది కాదు. అందుకని ఆ గంటలో తెరను బోర్లా పెట్టి కూర్చునేది. వ్యాసం మాత్రం ఖాతాలో కట్టుకుని, మళ్లీ వారం టాబ్లెట్ చేతికి రాగానే కొట్టేది.

చివరి వ్యాసానికి ఇచ్చిన విషయం నిశ్శబ్దం. హారతి కరెంటు పోయిన ఖాతా గురించి రాసింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. మనుషుల గొంతులు మాత్రం వెంటనే ఆగవు. ఇంకా చప్పుడు ఉందనుకుని వాళ్లు అరుస్తూనే ఉంటారు. పక్కవాడికి రహస్యంగా చెబుతున్న మాట షెడ్డంతా మోగుతుంది. ఒకతను భార్య జబ్బు గురించి చెబుతున్నాడు, ఇంకొకతను సేఠ్‌ను తిడుతున్నాడు, మూలనున్న ముసలాయన ఇన్నాళ్లూ పాట పాడుతున్నాడని అందరికీ అప్పుడే తెలిసింది. అందరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడి నోళ్లు మూసుకున్నారు. కరెంటు వచ్చాకే మళ్లీ మాట్లాడారు. వ్యాసం అక్కడితో అయిపోయింది.

ఉపాధ్యాయిని హేమాంగినీబెన్ దాన్ని తరగతిలో పైకి చదివింది. చదువుతూ ఒకచోట ఆగి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఉచిత సీటు హారతికేనని చెప్పింది. నిజం చెప్పాలంటే ఈ కథలో న్యాయమైన తీర్పు అదొక్కటే, అది ఒక్కరోజే నిలిచింది.

మరునాడు వ్యాసాలన్నీ తనిఖీ యంత్రానికి ఎక్కించారు. అది రాతనే కాదు, రాసిన తీరును కూడా చూస్తుంది. ఎక్కడ ఆగారు, ఏది చెరిపారు, ఎన్నిసార్లు మార్చారు అన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. బడి యంత్రం ఇచ్చిన ఆలోచనను నొక్కి, దాని వాక్యాలు అటూ ఇటూ జరిపిన పిల్లల దగ్గర కావలసినన్ని దిద్దుబాట్లు ఉన్నాయి. బడే ఇచ్చిన సహాయం కాబట్టి అది అనుమతి ఉన్న సహాయం. లేని దాదీ గురించి మంగ రాసిన వ్యాసం సొంత రచనగా నెగ్గింది. ఆగకుండా, చెరపకుండా, ఒక్క ఊపున సాగిన హారతి వ్యాసం తెర మీద ఎర్రబారింది.

"రఫ్ కాపీ ఉందా బేటా?" అని అడిగింది హేమాంగినీబెన్.

"ముహ్ మే హై, బెన్," అంది హారతి. నోట్లో ఉందని. తరగతి ఘొల్లుమంది.

"నేను నమ్ముతాను. కానీ కంప్యూటర్‌కు నా మీద కోపం లేదు, నీ మీద కోపం లేదు. అది ఎందుకు అబద్ధం చెబుతుంది?" అంది బెన్. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత పదిహేనేళ్ల పిల్లది కాదని ఆమెకు తోచలేదు. తండ్రిని తీసుకురమ్మని చెప్పింది.

రాజలింగం రాత్రిపాళీ దిగి, ఇంటికి వెళ్లకుండా, చొక్కా మీది నూలుపీచు దులుపుకుంటూ నేరుగా బడికి వచ్చాడు. ప్రిన్సిపాల్ గది తలుపు మూయగానే బయటి లోకం చప్పుడంతా ఆగిపోయింది. ఏసీ ఒక్కటే సన్నగా మూలుగుతోంది. ప్రిన్సిపాల్ మర్యాదస్తుడు, గొంతు పెంచడు. ఆయన తల వంచి తెర చూస్తూ, పెదవులు పెద్దగా కదపకుండా హిందీలో అడిగాడు: "ఈ వ్యాసం మీ అమ్మాయి మెషీన్ చేత రాయించుకుందని తేలింది. మీకు ముందే తెలుసా? ఆమె తప్పు చేసిందని ఒప్పుకుంటారా?"

రాజలింగానికి ఆ ప్రశ్నలో ఒక్క ముక్క కూడా చేరలేదు. ఆయనకు కనిపించింది వేరు. ప్రిన్సిపాల్ తెరను ఆయన వైపు తిప్పాడు. తెల్లటి తెర మీద పొడుగునా ఎర్రటి గుర్తులు. వాటి మీద ఒక వేలు.

ఖాతాలో బట్ట దిగాక బల్ల మీద పరుస్తారు. మచ్చ పడితే దాన్ని దాగు అంటారు, ఆ చోట సేఠ్ రంగు సుద్దతో గీత గీసి, దాని మీద వేలు పెట్టి మనిషిని పిలుస్తాడు. దాగు ఎవరి సాంచా మీద పడింది, నూలు చెడ్డదా, యంత్రం చెడ్డదా అని అక్కడ విచారణ ఉండదు. పిలిచినవాడు తల వంచి ఒక మాట అనాలి. అంటే పని మిగులుతుంది, అనకపోతే పోతుంది. ఆ మాట వయసొచ్చిన నాటి నుంచి రాజలింగం నాలుక మీద కాపురం ఉంది. వేలు కనపడగానే అది తనంతట తానే బయటికి వస్తుంది.

ఆయన చేతులు జోడించాడు. "గల్తీ హో గయీ, సాబ్. మాఫ్ కరో. దోబారా నహీ హోగా."

తప్పయింది, క్షమించండి, మళ్లీ జరగదు.

హారతి అప్పటికే ప్రిన్సిపాల్ వైపు తిరిగి, కాదు సార్, కాదు అంటోంది. తండ్రికి ఆమె వీపు కనిపించింది, పెదవులు కనిపించలేదు. ఆమె కూడా క్షమాపణే చెబుతోందని ఆయన అనుకున్నాడు. సంతోషంగా తల ఊపాడు.

"చూశావా," అన్నాడు ప్రిన్సిపాల్ ఆమెతో, ఎంతో దయగా. "మీ నాన్న నిజాయితీపరుడు. ఆయన్ని చూసి నేర్చుకో."

బయటికి వచ్చాక షేర్ ఆటోల స్టాండు దగ్గర రాజలింగం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "అయిపాయె గద బిడ్డా. గిట్ల ముఖం ముడుసుకుంటవేంది? గల్తీ ఒప్పుకుంటె ఎవడైనా ఇడిసిపెడ్తడు."

హారతి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది, పెదవులు కనపడేలా. "ఎవల గల్తీ బాపూ?"

"ఎవలదైతేంది? దాగు పడ్డది గద. నేను సూసిన, ఎర్రగ."

"ఆయిన ఏమడిగిండో ఇన్నవా?"

రాజలింగం తల ఊపబోయి ఆగాడు. కూతురి ముందు మాత్రం ఆ అబద్ధం ఆడలేకపోయాడు. "లేదు బిడ్డా," అన్నాడు.

"నీ బిడ్డ దొంగనా అని అడిగిండు. నువ్వు ఔనన్నవ్."

ఆటోవాళ్లు లింబాయత్, లింబాయత్ అని అరుస్తున్నారు. ఆ అరుపులు ఆయనకు బాగానే వినిపించాయి. తువ్వాలు భుజాన వేసుకుని, "జర ముందుగాల జెప్పద్దా బిడ్డా, నన్ను గుంజద్దా," అన్నాడు. ఆ తర్వాత ఆటో ఎక్కకుండా ఇంటిదాకా నడిచాడు. ఆమె వెనకాలే నడిచింది.

ఇంట్లో భాగీరథి విని సూది పక్కన పెట్టింది. "ఎన్నిసార్లు జెప్పిన, చెవులు సూపించుకోమని. సేఠ్‌కు తెలుస్తది, సేఠ్‌కు తెలుస్తది అంటివి. ఇప్పుడు ఊరందరికి తెలిసె, నా బిడ్డ దొంగ అని." రాజలింగం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాటలు వినిపించాయో లేదో తెలియదు.

మరునాడు ఆయన సదానందాన్ని వెంటబెట్టుకుని మళ్లీ బడికి వెళ్లాడు. నిన్నటి ప్రశ్న తనకు వినపడలేదని చెప్పుకుందామనుకుంటే గేటు దగ్గరే కాపలావాడు ఆపాడు.

"నేను సాక్షిని," అన్నాడు సదానందం తనకొచ్చిన హిందీలో. "ఆ పిల్ల నోట్లోంచి ఆ రాత ఒక్కో ముక్క బయటికి రావడం నేను చూశాను."

"చూశావా, విన్నావా?"

"చూశాను."

"మాట కనిపిస్తుందా?" కాపలావాడు నవ్వాడు.

"అరే భాయ్, మా దగ్గర మాట కనిపిస్తనే ఉంటది. మీ దగ్గరనే కనిపిస్తలేదు," అన్నాడు సదానందం తెలుగులో. లోపలి నుంచి కబురు వచ్చింది: తండ్రి ఒప్పుకున్నాక విషయం ముగిసింది, మళ్లీ తెరవడం కుదరదు. గట్టిగా అడిగితే బదిలీ పత్రం మీద పరీక్షలో మోసం అని రాయవలసి వస్తుంది. ఆ రాత ఉన్న పత్రంతో మరో బడి చేర్చుకోదు. అంటే ఊరుకుంటే ఈ సీటు పోతుంది, అడిగితే అన్ని సీట్లూ పోతాయి.

హేమాంగినీబెన్ చెడ్డ మనిషి కాదు. ఆమె బతిమాలి ఒక అవకాశం ఇప్పించింది. తన ఎదుట, కాగితం మీద, అదే విషయం మీద హారతి మళ్లీ రాయాలి. గ్రంథాలయం గదిలో కిటికీలు మూసి, ఫ్యాను కూడా ఆపి కూర్చోబెట్టారు, పిల్ల ఏకాగ్రత చెడకూడదని. ఇంతకంటే దయగల ఉరిని ఎవరూ కల్పించలేరు. ఆ నిశ్శబ్దంలో హారతి పెదవి కదిలింది. బెన్ వేలు ఎత్తి, మాట్లాడకూడదు బేటా అంది. తల్లి చూపు గుర్తొచ్చింది. నోరు మూతపడగానే వాక్యమూ మూతపడింది. వేళ మించిపోతుంటే ఆమె ఆ గంటల్లో తెర మీద చూసిన మాటలే గుర్తు తెచ్చుకుని రాసింది. నిశ్శబ్దం మనసుకు శాంతినిస్తుంది. నిశ్శబ్దంలో దాదీ కథలు గుర్తొస్తాయి. మధ్యలో మూడుసార్లు కొట్టివేసింది.

ఆ కాగితాన్ని ఫోటో తీసి యంత్రానికి ఎక్కించారు. ఇది మనిషి రాసిందే అని యంత్రం చెప్పింది. కాబట్టి హారతి అసలు స్థాయి ఇదేనని అందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు. బాగా రాస్తే యంత్రం రాసినట్టు, యంత్రం మాటలు అరువు తెచ్చుకుంటే తాను రాసినట్టు. ఈ రెండు గోడల మధ్య ఒక పిల్ల నిలబడడానికి చోటు ఎక్కడుందో ఆ పాఠశాల నియమావళిలో లేదు.

ఇప్పుడు హారతి పగలు తల్లి పక్కన చెమ్కీలు కుడుతుంది. మధ్యాహ్నం డబ్బా తీసుకుని ఖాతాకు వెళ్లి బాబిన్లు చుడుతుంది. మొన్న సదానందం సాంచా వదిలి ఆమె దగ్గరికి వచ్చి, చేత్తో నోరు చూపించి, ఏమైంది అన్నట్టు వేళ్లు విప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చుట్టూ మగ్గాల చప్పుడు అలాగే ఉంది, ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. అయినా ఆమె పెదవులు కదలడం లేదు. మాట్లాడితే ఎవరో లెక్క తీస్తున్నారని ఆమెకు అనిపిస్తోంది.

ఆ సాయంత్రమే సేఠ్ ఒక దాగు మీద వేలు పెట్టి రాజలింగాన్ని పిలిచాడు. రాజలింగం చేతులు జోడించలేదు. వంగి, బట్టను చేత్తో తడిమి, "ఇది ఏ సాంచాది సేఠ్?" అని అడిగాడు. సేఠ్ ఆశ్చర్యపోయి ఆయన ముఖంలోకి చూశాడు. బాబిన్ల దగ్గర నుంచి హారతి ఆ ప్రశ్నను తండ్రి పెదవుల మీద చదివింది. సేఠ్‌ను ఆయన జీవితంలో అడిగిన మొదటి ప్రశ్న అది. అడగవలసిన చోట అడగలేకపోయింది కూడా అదే.

ట్రస్టు పెద్దలారా, ప్రిన్సిపాల్ గారూ, ఆ తనిఖీ యంత్రాన్ని బడులకు అమ్ముతున్నవారూ, దానికి అనుమతి ఇచ్చిన విద్యాధికారులూ, ఇప్పుడు మీ వంతు. ప్రశ్న వినని మనిషి ఇచ్చిన జవాబును ఏ న్యాయస్థానమూ ఒప్పుకోలుగా స్వీకరించదు, మీరు స్వీకరించారు. దాన్ని రద్దు చేయండి. రాజలింగాన్ని మళ్లీ పిలవండి. తెర పక్కన పెట్టి, ఆయనకు ఎదురుగా కూర్చుని, తల ఎత్తి, మీ పెదవులు ఆయనకు కనపడేలా, ఆయన భాష తెలిసిన మనిషిని పక్కన ఉంచుకుని అదే ప్రశ్న అడగండి. గేటు బయట నిలబెట్టిన సాక్షిని లోపలికి పిలిచి వినండి. మీ యంత్రం ఆ తొంభై రెండు పాళ్లను ఎక్కడి నుంచి తెచ్చిందో ఆ పిల్లకు అర్థమయ్యే మాటల్లో వివరించండి. నేరం మోపినవారే రుజువు చూపాలి. నోట్లో కట్టిన వాక్యానికి చిత్తుప్రతి తెమ్మని పిల్లను అడిగే హక్కు మీకు లేదు. వివరించలేకపోతే, కొత్త తరగతులు మొదలయ్యేలోపు ఆమె సీటు ఆమెకు తిరిగి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఆమె తండ్రి మీ గదిలో అన్న ఆ మాటను ఈసారి మీరు, ఆమె ముందు, గట్టిగా అనండి. ఆయనకు వినపడేంత గట్టిగా.